పాత కారులో పెట్రోల్ లీకు: వాసన వచ్చే వేళే చోటు చెబుతుంది

క్లుప్తంగా

పాత పెట్రోల్ కార్లలో లీకుకు మూలం చాలాసార్లు ముదిరిపోయిన రబ్బరు పైపు, పట్టు తప్పిన క్లిప్పు, లేదా తుప్పు తిన్న ట్యాంకు. ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, రబ్బరు పాడవడాన్ని తొందరపెట్టగలదు, కానీ ప్రతి లీకుకూ అదే కారణం కాదు. వాసన ఏ వేళ వస్తోంది, ట్యాంకులో ఎంత పెట్రోల్ ఉన్నప్పుడు వస్తోంది అన్నది గమనిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది. కారిన ముక్క ఒక్కటే మార్చి వదిలేస్తే పని మధ్యలో ఆగినట్టే. అదే వయసున్న రబ్బరంతా సరైన గ్రేడు పైపుతో మార్చినప్పుడే మరమ్మతు నిలుస్తుంది.

ఇప్పుడెందుకు ఈ గందరగోళం

నిన్నటిదాకా బాగున్న కారు ఈ20 పోయించినప్పటి నుంచి పెట్రోల్ వాసన కొడుతోందన్న మాట పాత కార్లున్నవారి నోట ఈమధ్య తరచూ వినపడుతోంది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యానికి 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2030ని గడువుగా పెట్టింది. 2022లో ఆ విధానాన్ని సవరించి గడువును 2025-26కు ముందుకు జరిపారు. 2022 జూన్ నాటికి దేశంలో సగటున 10 శాతం ఇథనాల్ కలిసింది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో ఈ20 అమ్మకం మొదలైంది. 2025కల్లా అదే మామూలు పెట్రోల్ అయిపోయింది.

ఇథనాల్ లేని పెట్రోల్‌ను కూడా అందుబాటులో ఉంచాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. అంతకు నెల ముందు పెట్రోలియం మంత్రిత్వ శాఖ ఒక వివరణ ఇచ్చింది. పాత వాహనాలకు పెద్ద నష్టమేమీ ఉండదని అందులో చెప్పింది. కొన్ని పాత బళ్లలో మాత్రం 20,000 నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు (రెండు భాగాల మధ్య సందు మూసే పొరలు) మార్చాల్సి రావచ్చని, ఆ ఖర్చు తక్కువేనని కూడా చెప్పింది.

పాత కారు యజమానికి అసలు ప్రశ్నలు మొదలయ్యేది ఆ వాక్యం దగ్గరే. ఏ రబ్బరు భాగాలు? అవి ఎక్కడుంటాయి? పాడైతే ఎలా తెలుస్తుంది? దేనితో మార్చాలి? ఈ ప్రశ్నలకు జవాబు లేకపోతే రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఇరవై ఏళ్లుగా ఎండిపోతున్న పైపు పగిలినా నెపం ఇథనాల్ మీదకు పోతుంది. లేదా ఇథనాల్‌కు తట్టుకోలేని రకం పైపునే మళ్లీ కొని బిగించడం జరుగుతుంది, ఏడాది తిరక్కుండానే లీకు మళ్లీ మొదలవుతుంది.

ట్యాంకు నుంచి ఇంజన్ దాకా

లీకు వెతకాలంటే ముందు పెట్రోల్ నడిచే దారి తెలియాలి. మారుతి 800 దీనికి మంచి ఉదాహరణ. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఈ కారు ఒకే పేరుతో రెండు తరాల ఇంధన వ్యవస్థలను చూసింది. మొదట్లో అన్నీ కార్బ్యురేటర్ బళ్లు, అంటే పెట్రోల్‌ను గాలిలో కలిపి ఇంజన్‌కు అందించే పరికరం ఉన్నవి. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ, అంటే ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి వచ్చింది. బయటికి రెండూ ఒకేలా కనపడతాయి గానీ లీకు విషయంలో రెండింటి స్వభావం పూర్తిగా వేరు.

కార్బ్యురేటర్ బండిలో పంపు ముందు భాగంలో, ఇంజన్‌కు ఆనుకుని ఉంటుంది. ఇంజన్ తిరుగుతుంటే క్యామ్‌షాఫ్ట్ దాన్ని ఆడిస్తుంది. లోపలి డయాఫ్రం, అంటే పల్చటి రబ్బరు పొర, పైకీ కిందికీ కదులుతూ వెనక ట్యాంకులోంచి పెట్రోల్‌ను లాగి, కార్బ్యురేటర్‌కు 3 నుంచి 5 పీఎస్‌ఐ ఒత్తిడితో నెడుతుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్బ్యురేటర్ బళ్లలోనూ ఇదే పద్ధతి. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. బండి నడుస్తున్నప్పుడు ట్యాంకుకూ పంపుకూ మధ్య పైపులో ఉండేది లాగుడు మాత్రమే, తోపుడు కాదు. ఆ భాగంలో పగులు ఉంటే పెట్రోల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. చుక్క కారదు, వాసన రాదు, కానీ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ పెట్రోల్ అందక ముక్కుతుంది. బండి ఆపాక, ట్యాంకులో మట్టం పగులు కన్నా ఎత్తులో ఉంటే, అప్పుడు నేల మీద తడి కనపడుతుంది.

ఎంపీఎఫ్ఐ బండిలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. అది కరెంటుతో నడుస్తుంది. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా లైనంతా సుమారు 3 బార్, అంటే 40 పీఎస్‌ఐకి పైగా ఒత్తిడిలో ఉంటుంది. కార్బ్యురేటర్ బండిలో చెమర్చినట్టు ఊరే సన్నని పగులు ఇక్కడైతే పెట్రోల్‌ను పొగమంచులా చిమ్ముతుంది. ఆ తుంపర వేడి సైలెన్సర్ పైపు మీదో, ఆల్టర్నేటర్ మీదో పడితే మంట అంటుకోవచ్చు. అందుకే ఎంపీఎఫ్ఐ బండిలో బానెట్ కింద పచ్చి పెట్రోల్ వాసన వస్తే బండిని నడిపించుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లకూడదు, లాగించుకెళ్లాలి.

ఈ ప్రధాన లైను కాక మరో రెండు దారులుంటాయి. మిగిలిన పెట్రోల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు ఒకటి. ట్యాంకులో పుట్టే ఆవిరిని బొగ్గు నింపిన డబ్బాకు, అంటే క్యానిస్టర్‌కు చేర్చే సన్నని పైపు రెండోది. ఆవిరి పైపు తెగితే తడి ఎక్కడా ఉండదు, వాసన మాత్రం వదలదు. ఎంత వెతికినా లీకు దొరకలేదంటూ షెడ్డు నుంచి తిరిగొచ్చే బళ్ల విషయంలో ముందు అనుమానించాల్సింది దీన్నే.

రబ్బరు ఎందుకు పాడవుతుంది

పాత కార్ల ఇంధన పైపుల్లో ఎక్కువగా వాడింది నైట్రైల్ రబ్బరు. అది మెత్తగా వంగేందుకు తయారీలో ప్లాస్టిసైజర్లు అనే నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి, ఎండకు, గాలిలోని ఓజోన్‌కు గురయ్యేకొద్దీ అవి కొద్దికొద్దిగా పోతాయి. రబ్బరు గట్టిపడుతుంది. వంచితే పైన సన్నని గీతలు కనపడతాయి. క్లిప్పు కింద ఉన్న భాగం నొక్కుకుపోయి ఆ ఆకారంలోనే ఉండిపోతుంది, పైపు తిరిగి ఉబ్బి బిగువు ఇవ్వదు. ఇథనాల్ చుక్క కూడా లేని రోజుల్లోనూ ఇది జరిగింది. పదిహేనేళ్లు దాటిన బండిలో అసలు పైపులే ఉంటే, ఏ పెట్రోల్ పోసినా అవి చివరి దశలో ఉన్నట్టే.

ఇథనాల్ దీనికి రెండు విధాలుగా తోడవుతుంది. దాని అణువు చిన్నది, నీటిలా ధ్రువ స్వభావం ఉన్నది. పెట్రోల్ కన్నా సులువుగా రబ్బరులోకి చొరబడి ఉబ్బిస్తుంది, మిగిలిన ప్లాస్టిసైజర్లను కరిగించి బయటికి లాగేస్తుంది. ఉబ్బి ఉన్నంతకాలం పైపు కారకపోవచ్చు. బండి రెండు మూడు నెలలు కదలకుండా ఉండి పైపులో పెట్రోల్ ఆరిపోయినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఉబ్బిన రబ్బరు కుంచించుకుపోతుంది. లోపల నూనె లేదు కాబట్టి ముందుకన్నా చిన్నదై, పెళుసై, పగులుతుంది. పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, సెలవులకు వచ్చినప్పుడే తీసే కారు ఊళ్లో ఉంటుంది చూడండి, అలాంటి బండిలో స్టార్ట్ చేసిన మొదటి పది నిమిషాల్లో లీకు బయటపడేది ఇందువల్లే.

రెండోది లోహాల సంగతి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మోతాదు మించితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. అక్కడ ఉక్కు తుప్పు పడుతుంది, కార్బ్యురేటర్‌లోని జింక్, అల్యూమినియం మిశ్రమ లోహం మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి ట్యాంకును బయటినుంచి కూడా తింటుంది కాబట్టి అక్కడి బళ్లకు ఇది రెండువైపుల దెబ్బ.

ఇథనాల్ మంచి ద్రావకం కూడా. ట్యాంకు గోడలకు ఏళ్లుగా అంటుకున్న జిగురును అది వదిలిస్తుంది. ఆ మడ్డి వచ్చి ఫిల్టర్‌లోనో, కార్బ్యురేటర్‌లోకి పెట్రోల్‌ను వదిలి ఆపే సూది దగ్గరో ఇరుక్కుంటుంది. సూది పూర్తిగా మూసుకోకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె నిండి పొంగుతుంది. చూసేవారికి అది గ్యాస్కెట్ లీకులా కనపడుతుంది, గ్యాస్కెట్ మార్చినా ఆగదు.

ఇది ఈ20ను తప్పుపట్టడం కాదు, వెనకేసుకురావడమూ కాదు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్లలో ఈ20కి తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ వాడుతున్నారు. 2000కు ముందు బళ్లను తయారు చేసినప్పుడు ఈ లెక్క ఎవరి ముందూ లేదు. ఆ తేడాను మరమ్మతుతోనే పూడ్చాలి.

వెతికే ముందు

పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా మండేంత ఆవిరిని ఇస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలబారుగా పాకి పల్లంలో చేరుతుంది. గాలిలో దాని వాటా 1.4 శాతం దాటితే నిప్పురవ్వ చాలు. కాబట్టి షెడ్డులో కారు కింద తవ్విన గుంతలోకి దిగి పెట్రోల్ లీకు వెతకడం, వెతుకులాటల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన పద్ధతి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లూ అంతే. అక్కడ గాలి ఆడదు. లిఫ్ట్ మోటారు, నీళ్ల మోటారు, జనరేటర్ అన్నీ ఆ అంతస్తులోనే ఉంటాయి. బండిని ఆరుబయట చదునైన చోటికి తోసుకెళ్లి, ఇంజన్ చల్లారాక, బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసి మొదలుపెట్టాలి. వేలాడే కరెంటు బల్బు వద్దు. చుక్క పెట్రోల్ పడితే ఆ బల్బు పగిలి లోపలి తీగ నిప్పవుతుంది. ఎల్‌ఈడీ టార్చి దూరంగానే వెలిగించి దగ్గరికి తేవాలి. పక్కన డ్రై పౌడర్ మంటలార్పే సిలిండర్ ఉండాలి. నీళ్లు పనికిరావు, పెట్రోల్ నీటి మీద తేలి మంటను మోసుకుపోతుంది.

వాసన ఎప్పుడు వస్తోంది?

మంచి మెకానిక్ బానెట్ ఎత్తే ముందు ప్రశ్నలు వేస్తాడు. లీకు చోటును బట్టి వాసన వచ్చే సందర్భం మారుతుంది కాబట్టి ఆ జవాబుల్లోనే సగం పని అయిపోతుంది.

ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు వాసన వచ్చి, రెండు రోజులు తిరిగాక దానంతట అదే పోతే, లీకు ట్యాంకు పైభాగంలో ఉంది. పెట్రోల్ పోసే గొట్టానికీ ట్యాంకుకూ మధ్యనున్న లావు రబ్బరు పైపు, దాని పక్కనే గాలి బయటికి పోయే సన్న పైపు, మీటరు ఫ్లోటు లేదా పంపు కూర్చున్న చోట ఉండే గ్యాస్కెట్, ఈ మూడింటినీ చూడాలి. ఇది పాత బళ్లకే పరిమితమైన లోపం కూడా కాదు. 2010లో మారుతి సుజుకి ఎ-స్టార్ కార్లను దాదాపు లక్ష వెనక్కి పిలిపించింది ఇంధన పంపు గ్యాస్కెట్ మార్చడానికే. చాలా చిన్న కార్లలో వెనక సీటు ఎత్తితే ఈ భాగం మీద ఉన్న మూత కనపడుతుంది. అక్కడ దుమ్ము తడిసి నల్లగా ముద్దకట్టి ఉంటే జవాబు దొరికినట్టే. బంకులో ఆటోకట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయించుకునే అలవాటు ఈ లీకును బయటపెడుతుంది. కొన్ని బళ్లలో అలా ఎక్కువైన పెట్రోల్ బొగ్గు క్యానిస్టర్‌లోకి పోయి దాన్నీ పాడుచేస్తుంది.

దీనికి భిన్నంగా, ట్యాంకులో ఎంత ఉన్నా రాత్రంతా నిలిపిన చోట వెనక చక్రాల దగ్గర మరక పడుతుంటే ట్యాంకు అడుగు, దానికి అతికిన పైపు, డ్రైన్ బోల్టు అనుమానితులు.

డిసెంబర్, జనవరి తెల్లవారుజామున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వాసన వచ్చి, ఇంజన్ వేడెక్కాక ఆగిపోయే లీకు మెకానిక్‌ను ఎక్కువగా ఏమారుస్తుంది. గట్టిపడిన రబ్బరు చలికి కుంచించుకుని క్లిప్పు కింద సన్నని సందు ఇస్తుంది. వేడికి మళ్లీ సాగి మూసుకుంటుంది. మధ్యాహ్నం పదకొండుకు షెడ్డుకు తీసుకెళ్తే ఏమీ దొరకదు. బండిని ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలి, పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద చూడమనడం ఒక్కటే దారి.

వేడి బండి ఆపిన పది, పదిహేను నిమిషాలకు వచ్చే వాసన కథ వేరు. కార్బ్యురేటర్ బండి ఆగగానే గాలి తగలడం ఆగిపోతుంది, కింది మానిఫోల్డ్ వేడి పైకి ఎక్కుతుంది, ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ మరుగుతుంది. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పెట్రోల్‌తో కలిసినప్పుడు ఆ మిశ్రమంలో కొంత భాగం అంతకన్నా తక్కువ వేడికే ఆవిరవుతుంది. రోహిణి కార్తె ఎండల్లో కొంత వాసన సహజమే. గిన్నె అంచు తడిగా ఉన్నా, ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కావడానికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాల్సి వచ్చినా అది సహజం కాదు. కార్బ్యురేటర్ కింద ఉండే వేడి ఆపే మందపు గ్యాస్కెట్ బదులు ఎవరో పల్చటిది వేసి ఉండొచ్చు, ఫ్లోటు చిల్లుపడి మునిగి ఉండొచ్చు, లేదా సూది అరిగి ఉండొచ్చు.

ఎంపీఎఫ్ఐ బండి వేడిగా ఉన్నప్పుడు సెల్ఫ్ ఎక్కువసేపు కొడితే గానీ అందుకోకపోతే, లైనులో నిలవాల్సిన ఒత్తిడి ఎక్కడో దిగిపోతోంది. అది బయటి లీకే కానక్కర్లేదు. ఇంజెక్టర్ లోపలికి కారవచ్చు, పంపు లోపలి వాల్వు వెనక్కి వదలవచ్చు. లైనులో ఒత్తిడిని అదుపులో ఉంచే ప్రెషర్ రెగ్యులేటర్‌కు పోయే సన్నని వాక్యూమ్ పైపు ఊడదీసి చూస్తే, అందులో పెట్రోల్ తడి ఉంటే రెగ్యులేటర్ లోపలి డయాఫ్రం చిరిగినట్టు. ఆ పైపులో తడి ఉండకూడదు, వాసన కూడా ఉండకూడదు.

ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ తీసి వాసన చూడటం పది సెకన్ల పని, దాన్ని మాత్రం ఎవరూ చేయరు. కార్బ్యురేటర్ బండిలో మెకానికల్ పంపు డయాఫ్రం చిరిగితే పెట్రోల్ బయటికే రావాలని లేదు, ఇంజన్ లోపలికి దిగి ఆయిల్‌లో కలవచ్చు. ఆయిల్ మట్టం పెరుగుతుంది, పల్చబడుతుంది, పెట్రోల్ వాసన కొడుతుంది. ఆయిల్ తగ్గడం లేదని సంతోషించాల్సిన సంగతి కాదది. పల్చటి ఆయిల్‌తో బేరింగులు అరుగుతాయి. ఈ స్థితిలో ఇంజన్ తిప్పకుండా ముందు పంపు, తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చాలి.

వాసన ఉండి, మైలేజీ పడిపోయి, సైలెన్సర్ పొగ నల్లగా ఉంటే అది లీకు కాకపోవచ్చు. చోక్ ఇరుక్కుని పెట్రోల్ ఎక్కువ పోతుండవచ్చు. పచ్చి పెట్రోల్ వాసనకూ, సగం కాలిన పొగ వాసనకూ తేడా పట్టుకుంటే ఈ పొరపాటు జరగదు.

ఎవరూ చూడని చోట్లు

మన దగ్గర పాత బళ్లలో కంపెనీ పెట్టిన కీళ్లే కాక తర్వాత చేరినవీ ఉంటాయి. ఎల్‌పీజీ, సీఎన్‌జీ గ్యాస్ కిట్ బిగించిన కార్బ్యురేటర్ బండిలో పెట్రోల్ పైపును కోసి మధ్యలో సోలెనాయిడ్ వాల్వు పెడతారు. అంటే కొత్తగా రెండు అతుకులు, రెండు క్లిప్పులు. అలాంటి బండి నెలలకొద్దీ గ్యాస్ మీదే నడుస్తుంటే పెట్రోల్ పైపులు ఎండిపోయి ఉంటాయి. గ్యాస్ అయిపోయి పెట్రోల్‌కు మార్చిన రోజే లీకు మొదలవుతుంది.

ఎలుకలది మరో కథ. వానాకాలంలో వెచ్చదనం కోసం బానెట్ కిందికి చేరి వైర్లతోపాటు పెట్రోల్ పైపునూ కొరుకుతాయి. తాజా కొరుకుడు, పాత పగులు ఒకేలా ఉండవు. కొరికిన చోట పళ్ల గాట్లు జంటలుగా, అంచులు శుభ్రంగా ఉంటాయి. పైపు కొత్తదే అయినా కారుతుంటే ఇదొకటి గుర్తుంచుకోవాలి.

ఇక కారు పొడవునా అడుగున పోయే ఉక్కు పైపు ఉంది. దాన్ని బాడీకి బిగించిన బిళ్లల కింద మట్టి, నీరు నిలుస్తాయి. పైపు మిగతాదంతా బాగుండి ఆ బిళ్ల కింద మాత్రమే తుప్పు తిని ఉండటం సాధారణం. బిళ్ల విప్పకుండా అది కనపడదు.

తడిని కంటికి చూపించడం

పెట్రోల్ ఆరిపోతుంది కాబట్టి డీజిల్, ఆయిల్ లీకుల్లా జిడ్డు మిగలదు. మిగిలేది పలచటి గోధుమ రంగు మరక, లేదా చుట్టూ దుమ్ము ఉండి మధ్యలో కడిగినట్టున్న శుభ్రమైన చార. ఆ శుభ్రమైన చారే ఆనవాలు. బండి కదులుతుంటే గాలి చుక్కను వెనక్కి నెడుతుంది. అందుకే చుక్క పడిన చోటు లీకు చోటు కాదు, దానికన్నా ముందుకూ పైకీ వెతకాలి.

అన్నీ ముందే మురికిగా ఉంటే ఇంజన్‌ను డీగ్రీజర్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న కీళ్ల మీద టాల్కమ్ పౌడరో సుద్దపొడో చల్లాలి. తడి తగిలిన చోట పొడి ముదురు రంగుకు మారుతుంది. బండి కింద తెల్ల కాగితాలు పరిచి, ఏ కాగితం ఏ చక్రం వైపు ఉందో గుర్తు రాసుకుని రాత్రంతా వదిలేయడం ఇంకో పాత పద్ధతి, ఇప్పటికీ ఖర్చులేని మంచి పద్ధతి. ఎంపీఎఫ్ఐ బండిలో తాళం ఆన్ చేస్తే ఇంజన్ తిరగకుండానే పంపు రెండు మూడు సెకన్లు నడిచి ఒత్తిడి నింపుతుంది. బ్యాటరీ తీగ బిగించి, చుట్టుపక్కల ఆవిరి లేదని నిర్ధారించుకున్నాక, ఒకరు తాళం నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంటే ఇంకొకరు ఫిల్టర్ కీళ్లు, ఇంజెక్టర్ల ఓ-రింగులు చూడవచ్చు. ఆవిరి పైపుల లీకుకు మాత్రం పెద్ద సర్వీస్ సెంటర్లలో ఉండే పొగ యంత్రమే సరైన సాధనం. పైపుల్లోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపితే పగులు ఉన్నచోట అది బయటికి వస్తుంది.

మార్చాల్సింది దేనితో

రోడ్డు మీద చిల్లుపడ్డ ట్యాంకుకు సబ్బు ముక్క రుద్దడం తరతరాల మెకానిక్ విద్య. సబ్బు పెట్రోల్‌లో కరగదు కాబట్టి కాసేపు ఆగుతుంది, షెడ్డుదాకా చేరుస్తుంది. చిక్కల్లా అక్కడితో ఆగిపోవడంతోనే. పైపు చుట్టూ ఇన్సులేషన్ టేపు చుడితే దాని జిగురు గంటల్లో కరుగుతుంది. తడి మీద పెట్టిన ఎంసీల్ లోహానికి అంటుకోదు. పైపును బైండింగ్ వైరుతో మెలేస్తే ఆ వైరే రబ్బరును కోస్తుంది. స్కూటర్లకు వేసే పారదర్శక ప్లాస్టిక్ పైపును కారుకు వేస్తే వేడికి పసుపుపచ్చగా మారి, గాజులా పెళుసై, కీలు దగ్గర విరుగుతుంది.

సరైన పైపును ఎంచుకోవడానికి దాని మీద అచ్చువేసిన అక్షరాలు చూడాలి. వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ పెట్టిన జే30 ప్రమాణంలో ఆర్6, ఆర్7 గ్రేడులు కార్బ్యురేటర్ బళ్ల తక్కువ ఒత్తిడికి ఉద్దేశించినవి. ఆర్9 ఎంపీఎఫ్ఐ ఒత్తిడికి తట్టుకుంటుంది, దాని లోపలి పొర ఫ్లోరో రబ్బరు, ఇథనాల్‌కు లొంగదు. ఆర్14 ఆవిరి బయటికి పొక్కకుండా, ఇథనాల్ మిశ్రమాలను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన తక్కువ ఒత్తిడి పైపు. కార్బ్యురేటర్ బండికి ఆర్9 వేసినా నష్టం లేదు, కాస్త ఖర్చెక్కువ అంతే. ఎంపీఎఫ్ఐ బండి ప్రెషర్ లైనుకు ఆర్7 మాత్రం ఎన్నడూ వేయకూడదు. ట్యాంకు లోపల పంపుకు తగిలే చిన్న పైపు ముక్కకు ఇవేవీ పనికిరావు. ఆర్9 బయటి పొర పెట్రోల్‌లో మునిగి ఉండటానికి చేసింది కాదు, అక్కడికి ఆర్10 కావాలి. ఈ తేడా తెలియక ట్యాంకులో మామూలు పైపు వేస్తే కొన్ని నెలల్లో అది జిగురై పంపు జల్లెడను మూసేస్తుంది.

క్లిప్పులకూ లెక్కుంది. రంధ్రాలున్న మామూలు స్క్రూ క్లిప్పు సన్నని పైపు మీద బిగిస్తే ఆ రంధ్రాల్లోంచి రబ్బరు పొడుచుకొచ్చి తెగుతుంది. అంచులు మడిచి, లోపలివైపు నునుపుగా ఉండే ఇంధన క్లిప్పులు వేరే దొరుకుతాయి. లోహపు పైపు చివర ఉబ్బు లేకుండా నేరుగా కోసి ఉంటే ఎంత మంచి క్లిప్పయినా జారుతుంది. లోహపు పైపు చివరను గరాటులా విప్పి బిగించే ఫ్లేర్ కీళ్లకు టెఫ్లాన్ టేపు చుట్టడం నీళ్ల ప్లంబింగ్ అలవాటు, ఇక్కడ పనికిరాదు. ఆ కీలు లోహానికి లోహం కూర్చునే మూసుకోవాలి, టేపు పీచులు విడిపోతే కార్బ్యురేటర్ జెట్లలో, అంటే పెట్రోల్ పోయే సన్నని రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. బాంజో బోల్టు (మధ్యలోంచి పెట్రోల్ పోయే బోలు బోల్టు) విప్పిన ప్రతిసారీ రెండువైపులా రాగి వాచర్లు కొత్తవి వేయాలి.

ఎంపీఎఫ్ఐ లైను విప్పే ముందు ఒత్తిడి దించాలి. పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడిపి, ఆపై బ్యాటరీ తీగ తీసి, కీలు మీద గుడ్డ కప్పి మెల్లగా వదులు చేయాలి. అంతా చల్లారి ఉన్నా సరే, ఈ క్రమం తప్పితే కళ్లలో పెట్రోల్ కొడుతుంది. కానీ బానెట్ కిందే చిమ్ముతున్న లీకు ఉంటే ఇంజన్ నడిపే ఈ పద్ధతి వద్దు. కీలుకు గుడ్డ చుట్టి నేరుగా, చాలా మెల్లగా వదలాలి.

ట్యాంకుకు చిల్లు పడితే

ఖాళీ చేసిన ట్యాంకు నిండిన ట్యాంకు కన్నా ప్రమాదకరం. నిండిన దాంట్లో గాలి తక్కువ. ఖాళీ దాంట్లో గాలి, ఆవిరి పేలేందుకు సరిపడా పాళ్లలో ఉంటాయి. వెల్డింగ్ షాపుల్లో ట్యాంకులు పేలడానికి కారణం ఇదే. ఒకసారి నీళ్లతో కడిగితే చాలదు, అతుకుల మడతల్లో దాగిన పెట్రోల్ వేడి తగలగానే మళ్లీ ఆవిరవుతుంది. ఆవిరి పట్టి, మంట అంటని వాయువుతో నింపి చేసే అనుభవం ఉన్నవారు తప్ప ఎవరూ దీనికి చేయి పెట్టకూడదు.

ఒక్క చిల్లు పడిందంటే మిగతా అడుగు కూడా పల్చబడినట్టే. సుత్తి పిడితో మెల్లగా తట్టి చూస్తే మెత్తటి చోట్లు తెలుస్తాయి. అలాంటివి రెండు మూడు దొరికితే అతుకు వేయించడం డబ్బు దండగ, కొత్తదో బాగున్న పాతదో వెతుక్కోవడం మేలు. లోపలి తుప్పు కొద్దిగా ఉన్నప్పుడు మాత్రం శుభ్రం చేసి ఎపాక్సీ పూత పోయించవచ్చు, ఆ పూత ఇథనాల్‌కు తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉంటేనే.

ముందుముందు ఏం జరగొచ్చు

రెండు తెలుగు రాష్ట్రాల్లో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఫిట్‌నెస్ చూశాక ఐదేళ్లకు పొడిగిస్తారు. ఆ గడప దాటిన బళ్లన్నీ ఈ20కి ముందు తరానివే. వాటి రబ్బరు ఇప్పుడు వయసు, ఇథనాల్ రెండింటి ఒత్తిడిలో ఉంది కాబట్టి ఇంధన లీకులు కొంతకాలం పెరగడమే సహజం. పైపులు ఒకసారి మారిన బళ్లలో తగ్గుతాయి.

విడిభాగాల దుకాణాల్లో ఏం దొరుకుతుందన్నది ఇందులో తేల్చే అంశం. అచ్చు లేని నల్ల పైపు మీటర్ల లెక్కన చవకగా అమ్ముడవుతున్నంతకాలం మెకానిక్ అదే తెస్తాడు, బిల్లులో తేడా కనపడదు. పైపు మీద ప్రమాణం, గ్రేడు, తయారీ సంవత్సరం మూడూ చూపించమని యజమాని అడగాలి. తీసిన పాత ముక్కలను ఇవ్వమనాలి. వాటిని వంచి చూస్తే మిగిలిన రబ్బరు ఎంతకాలం నిలుస్తుందో తేలిపోతుంది. మరమ్మతయిన మర్నాడు చల్లటి ఇంజన్ మీద ఒకసారి, ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు ఒకసారి, వేడిగా ఆపిన పావుగంటకు ఒకసారి ప్రతి కీలునూ టార్చి వేసి చూడాలి. కొత్త రబ్బరు కూర్చుకుంటుంది కాబట్టి వారం తర్వాత క్లిప్పులన్నీ మరో పావు తిప్పు బిగించాల్సి రావచ్చు.